నా వీపు మీద లెక్కలు

శ్రీశైలం అడవి దారిలో రాత్రికి గేటు మూసేస్తారని నాకు ముందే తెలుసు. నా భార్యకు చెప్పలేదు.

పెళ్లయిన కొత్తలో ఆమె టీచరు పరీక్షకు చదివేది. మార్కాపురం నుంచి బండి మీద ఎక్కడికి పోయినా, వెనక కూర్చుని వేలితో నా వీపు మీద లెక్కలు చేసేది. "కదలొద్దు బావా, లెక్క తప్పుతాది" అనేది. ఉద్యోగమొస్తే ఏ ఊరికో పోతుందని నాకు భయం.

పరీక్ష ముందురోజు ఆమె కార్తీక దీపం పెడతానంటే శ్రీశైలం తీసుకుపోయాను. "ఏంది బావా, పొద్దు గుంకింది, పోదాం పా" అంది. "ఇంకో టీ తాగుదాం" అన్నాను. మేం చేరేసరికి గేటు మూసేశారు, తెల్లారాకే తీశారు. ఒంగోలులో పరీక్ష అందలేదు.

"దీపమని నేనే పట్టుబట్టినా" అని అందరికీ చెప్పుకునేది. ఆ తర్వాత ఆ వేలు నా వీపును తాకలేదు.

ఇప్పుడు పరీక్ష రాసే వయసు దాటిపోయింది. మొన్న కార్తీకంలో ఆమెను వెనక కూర్చోబెట్టుకుని పోతూ అదే గేటు దగ్గర బండి ఆపాను.

"ఆ రోజు టీ కోసం కాదు, గేటు మూయాలనే కూర్చున్నా. తప్పు నాది. క్షమించు."