అత్త చేతులు, బావ ఆల్చిప్ప

కొన్నేళ్ళుగా నేనొక చచ్చిపోయిన ఆల్చిప్పను మోస్తున్నాను. బతికున్నప్పుడు అది నా అరచేతిలో పట్టేది. చచ్చాక ఎందుకింత బరువెక్కిందో మీకు చెప్పాలి. పేరు మాత్రం అడక్కండి. పలాసలో నా పేరు వింటే జనం ముందే నవ్వడానికి సిద్ధమైపోతారు. ఇవాళ ఆ నవ్వు నాకు పనికిరాదు.

మా బావ, అంటే మేనత్త కొడుకు, గల్ఫ్‌లో రంగు చేపల దుకాణంలో పనిచేసి వచ్చాడు. అందరూ బంగారం తెస్తే ఇతను పిచ్చి తెచ్చాడు. ముందు గదిలో గాజు తొట్టి పెట్టి అందులో సముద్రం తయారుచేశాడు. బండెక్కితే కాసేపట్లో అసలు సముద్రం వస్తుంది. ఈయన క్యాన్ నీళ్ళలో ప్యాకెట్ ఉప్పు కలుపుకునేవాడు. సంతబొమ్మాళి వైపు వేటకెళ్ళే చుట్టాలు ఒకసారి వచ్చి చూశారు. పాపం, ఏమనాలో తెలియక టీ తాగి వెళ్ళిపోయారు.

ఆ తొట్టికి రాజు ఒక రాకాసి ఆల్చిప్ప, ఇంగ్లీషులో జెయింట్ క్లామ్ అంటారు. పేరుకే రాకాసి. పెంపకంలో పుట్టిన పిల్ల, అనుమతి కాగితాలతో సహా వచ్చింది. చిప్ప తెరిస్తే లోపలి అంచు నీలంగా, పట్టుచీర కుచ్చిళ్ళలా బయటికి పొంగేది. దానికి వెలుగే తిండి. అందుకే ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే అసలు పని. బావ దాన్ని ముందు అడుగున, చిన్న రాయి మీద పెట్టాడు. వెలుగుకు అలవాటు పడేకొద్దీ ఆ రాయితోనే కొంచెం కొంచెం పైకి జరిపాడు. మా ఇళ్ళలో కొత్త కోడలికి కూడా ఇంత మర్యాద జరగలేదు. చివరికి అది తనంతట తనే జరిగి, పైనున్న పెద్ద రాయికి అతుక్కుంది. అడుగునుంచి దారాల్లాంటివి వదిలి పట్టుకుంటుంది. దాన్ని కదపాలంటే ఆ దారాలను రాయి దగ్గర బ్లేడుతో మెల్లగా కోయాలి. లాగితే లోపలి కండ ఊడొస్తుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా లేదు. బావ ఇచ్ఛాపురంలో పెళ్ళికి వెళ్తూ తొట్టిని నాకు అప్పగించాడు. ఏం చేసినా దాన్ని మాత్రం పీకొద్దని చెప్పి మరీ బయల్దేరాడు.

నేను పీకాను.

ఎందుకు? ఫోటో కోసం. అది గోడవైపు తిరిగి కూర్చుంది. టెక్కలి కాలేజీ స్నేహితులకు నీలం రంగు చూపించి గొప్పలు పోవాలి కదా. రెండు వేళ్ళతో పట్టి లాగాను. రాలేదు. ఇంకొంచెం లాగాను. ఏదో తెగినట్టు వేళ్ళకు తెలిసింది. చప్పుడు కూడా లేదు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. మళ్ళీ అదే రాయి మీద పెట్టేశాను, అరువు తెచ్చిన గిన్నె తిరిగిచ్చినట్టు.

బావ వచ్చేసరికి నీలం అంచు ముడుచుకుపోయి ఉంది. చిప్ప తెరుచుకునే ఉంది, నీడ పడినా మూసుకోవడం లేదు. తర్వాత వాసన మొదలైంది. మా ఉద్దానంలో ఏది జబ్బుపడినా ముందు నీళ్ళను అనుమానిస్తాం, కిడ్నీ జబ్బులు ఇంటింటికీ ఉన్నాయి మరి. బావ కూడా ముందు నీళ్ళే పరీక్షించాడు. బాగానే ఉన్నాయి. అప్పుడు అందర్నీ పిలిచాడు.

“ఎవలైనా తొట్టిలో సెయ్యెట్టినారేటి?”

అత్త అప్పుడే జీడి పిక్కలు కొట్టే పనినుంచి వచ్చింది. పిక్కల సొనకు చేతులు నల్లబడి ఉన్నాయి.

“మొన్న తొట్టిలో నత్త బోర్లా పడిపోతే నానే తిరగేసినాన్రా. కడుక్కునే ఎట్టినాను,” అంది.

బావ నావైపు తిరిగాడు. “నువ్వేటి సేసినావురా?”

“నానేటి సేత్తాను బావా? అత్త జీడి సెయ్యి ఎడితే సముద్రమే పొక్కిపోద్ది. ఆల్చిప్పెంత!”

అందరూ నవ్వారు. ఏడుపు మొహంతోనే బావ కూడా నవ్వాడు. అత్త కూడా నవ్వింది. నవ్వి, చేతులు చూసుకుని, “అయితే నానే సంపేసినానన్నమాట,” అంది.

కావాలనే అన్నానా? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో. పథకం వేసి ఉంటే కనీసం దుర్మార్గుణ్ణని ఒప్పుకుని ఊరుకునేవాణ్ణి; కానీ ఆ మాట తుమ్ములా వచ్చింది, నవ్వు పుట్టించింది, నన్ను కాపాడింది, కాపాడుతోందని తెలిసి కూడా నేను దాన్ని వెనక్కి తీసుకోలేదు. జీడి సొన తగిలితే ఒళ్ళు పొక్కుతుందని పలాసలో ఎవరికి చెప్పాలి? ఇక రుజువెందుకు?

ఆ జోకు పెళ్ళిళ్ళలో తిరిగింది. ప్రతిసారీ అత్త నవ్వింది. నేనూ నవ్వాను. అత్త తొట్టి దగ్గరికి వెళ్ళడం మానేసింది. తర్వాత జీడి పని కూడా మానేసింది, చేతుల మీది నలుపు పోయింది. ఇక అంతా మర్చిపోయారనుకున్నాను.

ఈమధ్య బావకు కూతురు పుట్టింది. మా ఇళ్ళలో పసిబిడ్డకు నీళ్ళు పోసేది నాయనమ్మే. కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పోస్తుంది. అత్త మాత్రం పక్కింటి ఆమెను పిలిపించింది. ఎందుకని అడిగితే తన చేతులు మంచివి కావంది. అంత గట్టి చిప్పే బతకలేదు, పసిదాని ఒళ్ళెంత అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అత్త కుంకుడు రసంతో చేతులు తోముకుంటుంటే చూశాను. వేళ్ళ సందులు పగిలిపోయి ఉన్నాయి.

ఆ పూటే చెప్పేశాను. బావ కూడా అక్కడే ఉన్నాడు. ఫోటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది, అదీ చూపించాను. బావ చూసి, ఫోన్ నా చేతికివ్వకుండా గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. అత్త చాటలో బియ్యం ఏరుతూ ఒకటే అడిగింది.

“అయితే నా సెయ్యి కాదు?”

“కాదత్తా. నాదే.”

అత్త మళ్ళీ బియ్యం ఏరుకుంది. ఆ మధ్యాహ్నం నన్ను అన్నానికి పిలవలేదు. పెట్టుకుని తిన్నాను. ఆకలి బాగానే వేసింది, సిగ్గులేకుండా.

మర్నాడు వెళ్ళేసరికి పెరట్లో బిడ్డ ఊరు లేచిపోయేలా ఏడుస్తోంది. అత్త పీట మీద కాళ్ళు చాపుకుని, ఆ చేతులతోనే దాని వీపు రుద్దుతోంది. వేణ్ణీళ్ళ కోసం నా తల మీదుగా లోపలున్న కోడల్ని కేకేసింది. బకెట్ నా పక్కనే ఉంది. నాకు చెప్పలేదు.

జోకు ఒకటి నోటిదాకా వచ్చింది. మింగేసి, గట్టు మీద కూర్చుని ఆ ఏడుపు హాయిగా విన్నాను.