సెక్యూరిటీ మీటింగులో దూరిన వైరస్

పోయిన వారం తిరపతిలో నా పరువు ఎట్ల పోయిందో చెప్తా, వినండప్పా. అదీ నా చేత్తో నేనే వైరు గుచ్చి మరీ పోగొట్టుకున్నా.

నాకు కంప్యూటర్ల షాపు ఉండాది కదా. ఓ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఈడ హోటల్లో సెక్యూరిటీ మీద మీటింగు పెట్టినారు. వాళ్ల డీలర్ని కాబట్టి ఏర్పాట్లన్నీ నావే. ఓ ఇంజనీరింగ్ కాలేజీ నడిపే రెడ్డిగారిని బతిమాలి పిలుచుకొచ్చినా. ల్యాబు మొత్తానికి సాఫ్ట్‌వేర్ ఆర్డరు ఆయన చేతిలో ఉండాది. ఆయన వెంబడి మా బామ్మర్ది మునిరత్నం గూడా వచ్చినాడు. ఆ కాలేజీలోనే కంప్యూటర్ పాఠాలు చెప్తాడు. యాడికి పోయినా ఓపెన్ సోర్స్, ఓపెన్ సోర్స్ అని ఒకటే జపం; లోపలి కోడు దాచకుండా అందరికీ ఇచ్చేసే సాఫ్ట్‌వేరంట అది. పెండ్లిలో పంక్తి కాడ గూడా వదల్డు.

మద్రాసు నుంచి వచ్చిన కంపెనీ మేనేజరు మైకు పట్టుకున్నాడు. ఓపెన్ సోర్స్ అంటే ఇంటి తాళంచెవి బజార్లో పెట్టినట్లంట. కోడు అందరికీ కనిపిస్తే దొంగకీ కనిపిస్తాదంట. మేం మా కోడు ఎవురికీ సూపించం, అందుకే భద్రం అన్నాడు. నేను ఎనక్కి తిరిగి బామ్మర్దిని సూసి మీసం దువ్వినా.

అంతటితో ఊరుకోవచ్చు గదా. సెక్యూరిటీ అప్‌డేట్ ఎంత సులువుగా వస్తాదో లైవ్‌లో సూపిద్దాం, ఇంటర్నెట్ పెట్టమన్నాడు. ఇంటర్నెట్ ఫోను లైన్లోనే గదా వచ్చేది, హోటలోళ్ల ఫోను వైరు పీకి ఆయన ల్యాప్‌టాప్‌కి గుచ్చినా. అప్‌డేట్ నత్తలాగా దిగతా ఉండాది. సగం గూడా రాకముందే తెర మీద ఓ డబ్బా లేచింది. ఇంకో నిమిషంలో ఆగిపోతా, చేసే పని సేవ్ చేసుకోండి అని. మేనేజరు ఇదంతా మామూలే అన్నాడు. ల్యాప్‌టాప్ ఆగిపోయింది. మళ్లా ఆన్ చేసి, మళ్లా కనెక్ట్ చేస్తే, మళ్లా అదే డబ్బా.

"వైరస్ బావా అది. మీ అప్‌డేట్ కంటే ముందే వచ్చేసింది" అన్నాడు మునిరత్నం, నిదానంగా.

రెడ్డిగారు వాచీ సూసుకుంటా ఉండారు. దిక్కులేక బామ్మర్దినే సైగ చేసి పిలిచినా. వాడు సంచీలోంచి తన ల్యాప్‌టాప్ తీసి, మేనేజరు తెచ్చుకున్న సీడీ అందులో పెట్టినాడు. ఓపెన్ సోర్స్ ఎంత ప్రమాదమో చెప్పే స్లైడ్లు ఆ ఓపెన్ సోర్స్‌లోనే చివరిదాకా ఆగకుండా నడిచినాయి. మేనేజరు తలకాయ దించుకొనే చదివినాడు.

అయిపోయినాక రెడ్డిగారు అడిగినారు: "ఏమప్పా, ఇంతసేపు ఆగకుండా నడిచింది ఏది? మాకు అదే కావల్ల."

ఆర్డరు అట్ల పోయింది.

నిన్న కంపెనీ నుంచి నాకు సర్టిఫికెట్ వచ్చింది, ఫ్రేము కట్టి. మీటింగు దిగ్విజయంగా జరిపినందుకు నేను 'సెక్యూరిటీ నిపుణుడు' అంట. షాపులో తగిలించినా. దాని కిందనే మా బామ్మర్ది కూర్చోని నా కంప్యూటర్లలో గూడా దూరిన ఆ వైరస్‌ని ఏరతా ఉండాడు. నిపుణుడు వానికి టీలు మోస్తా ఉండాడు.