మూడు మిల్లీ

పనిలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. పదిహేనేళ్లు ఇదే పనిలో నలిగాక ఇప్పుడు తెలియనివే ఎక్కువ కనిపిస్తున్నాయి గానీ, అప్పుడు మాత్రం చేతిలో డిప్లొమా, జేబులో ఇంటర్నెట్ ఉన్న ఫోను, ఉప్పల్ నుంచి నాచారం దాకా నన్ను మించిన ఇంజినీరు లేడన్న ధీమా. నాచారంలో మా అన్న (సొంత అన్న కాదు, గ్యారేజీ ఓనరు; అక్కడ అందరూ అన్నలే) నన్ను పెట్టుకున్నది బోల్టులు విప్పడానికి. నేనేమో ఆయనకు పాఠాలు చెప్పడానికి వచ్చాననుకున్నాను.

ఒకసారి సైనిక్‌పురి నుంచి ఒక సారు తన కారుకు టర్బో పెట్టమని వచ్చాడు. టర్బో అనేది ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి మరీ నింపుతుంది. ఆ దెబ్బకు కంపెనీ వాళ్లు పెట్టిన పిస్టన్లు పగులుతాయి, వాటిని కింది నుంచి తోసే రాడ్లు వంగుతాయి. గట్టివి ఏవి తెప్పించాలో చూడమని అన్న నాకు అప్పగించాడు. వారం రోజులు ఫోనులో మునిగితేలాను. రాడ్ పొడుగైతే ఇంజిన్ హాయిగా తిరుగుతుందని ఒకచోట చదివి రాడ్లు అక్కడ ఎంచాను, పిస్టన్లు ఇంకోచోట ఎంచాను. ఈ రెండూ ఒకే ఇంట్లో కాపురం చెయ్యాలన్న సంగతి (రాడ్ ఎంత పొడుగైతే రెంటినీ కలిపే పిన్ను దూర్చడానికి పిస్టన్‌లో ఉండే రంధ్రం అంత పైకి ఉండాలి) నాకు తట్టనేలేదు. సరుకు వచ్చాక, సిలిండర్లుండే ఇంజిన్ బ్లాకునూ కొత్త పిస్టన్లనూ ఉప్పల్‌లో బోరింగ్ మామ దగ్గరికి తీసుకెళ్లాను. సిలిండర్లు కోసి, బ్లాకు పైముఖం చదును చేయడంలో ముప్పై ఏళ్ల చెయ్యి ఆయనది. కంటి ఆపరేషన్ అయి నెలే అయింది. "పాత రాడ్ ఒకటి ఇచ్చిపో పిలగా" అన్నాడు. "పాతది దేనికి మామా, కొలతలన్నీ ఫోన్ల ఉన్నయ్" అని నవ్వాను. "ఫోను నీకాడనే ఉంచుకో, రాడ్ నాకియ్యి. బండి చాలూ అయ్యెదాంక పాత సామాను పారెయ్యొద్దు" అన్నాడు. బండి స్టార్టయ్యేదాకా పాత ఇనుము దాచుకోవడం చాదస్తం అనుకుని ఒకటి ఆయన బల్ల మీద పెట్టి, మిగతా మూడూ పాత ఇనుముకు వేసేశాను.

బ్లాకు తయారై వచ్చింది. అన్న, సారు ఇద్దరూ చూస్తుండగా అన్నీ బిగించి చేత్తో తిప్పాను. బ్లాకు అంచు దగ్గర ఆగాల్సిన పిస్టన్లు ఆగలేదు. పొంగిన పాలలాగా పైకి లేచాయి. "ఇదేందిరా?" అన్నాడు అన్న. ఎక్కడ తప్పు జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "బ్లాకు పైముఖం మామ ఎక్కువ కోసిండేమో అన్నా. కండ్లు ఇంక మంచిగ కనవడ్తలేవు కదా." ఇది రాస్తుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేకపోతున్నాను. అన్న ఫోను తీసి, "ఏంది మామా, కండ్లు కనవడకపోతె పని ఒప్పుకోకు. బ్లాకు ఖరాబ్ జేసినవ్" అని అరిచాడు. సాయంత్రానికల్లా ఆ మాట మల్కాజిగిరి దాకా పాకింది. మామకు ఇక పని ఇవ్వొద్దని రెండు గ్యారేజీల వాళ్లు అప్పుడే అనేసుకున్నారట. నేను ఏమీ ఎరగనట్టు కూర్చుని టీ తాగాను (బిస్కెట్లు కూడా తిన్నాను, నా ఆకలికి సిగ్గులేదు).

మర్నాడు పొద్దున్నే మామ వచ్చాడు. ముక్కు మీద కొత్త కళ్లజోడు, చేతిలో గుడ్డ చుట్టిన పాత రాడ్. ఎవరినీ పలకరించలేదు. "కొత్త రాడ్ ఒకటి విప్పు" అన్నాడు నాతో. విప్పి ఇచ్చాను. ఒకే పిన్నును రెండు రాడ్లలోంచీ దూర్చి పైకెత్తాడు. పక్కపక్కన వేలాడుతున్న ఆ రెంటిలో నేను తెప్పించినది మూడు మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంది. "నా కండ్లకు కనవడ్తుంది బిడ్డా. నీకు కనవడ్తుందా?" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

"కనవడ్తుంది మామా. తప్పు నాదే. నిన్ననే తెల్సు" అన్నాను. అన్న కొడతాడనుకున్నాను. ఆయన ముందు మామ చేతులు పట్టుకుని, "మాఫ్ జెయ్యి మామా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ రెండు రాడ్లు గట్లనే పట్కపో. నీ మాట ఏడేడికి పోయిందో ఆడికల్ల పోయి సూపియ్యి" అన్నాడు. స్కూటీ మీద గ్యారేజీ గ్యారేజీకీ వెళ్లి, పిన్ను ఎత్తి చూపించి, "మామ కండ్లు మంచిగనే ఉన్నయ్, నాకే కనవడలే" అని ఒప్పజెప్పాను. ఒకచోట సరిగ్గా వినబడలేదని మళ్లీ చెప్పించుకున్నారు. ఇంకోచోట ఫొటో తీసుకున్నారు. ఉప్పల్ చేరేసరికి నాకు పేరు కూడా పడిపోయింది: మూడు మిల్లీ. చివరికి మామ షాపులో నిలబడితే, ఆయన తలెత్తకుండానే అడిగాడు: "బండి చాలూ అయ్యిందా?" ఇంకా లేదన్నాను. "మరి పాత రాడ్ ఈడ పెట్టిపో" అన్నాడు.

ఇప్పుడు నాచారంలో నాకూ సొంత షెడ్డుంది. ఆ పేరు మాత్రం పోలేదు. కాకపోతే కొత్తగా వచ్చేవాళ్లు నా కొలతలు అంత కచ్చితమని ఆ పేరొచ్చిందనుకుంటారు. "మూడు మిల్లీ అన్న కాడికి పో, మస్తు పక్కా మనిషి" అని ఒకరినొకరు పంపుకుంటారు. నేను సరిదిద్దను. మొన్ననే నాకూ కళ్లజోడు వచ్చింది. దాన్ని సర్దుకుని పిస్టన్ కొలుస్తుంటే, పీర్జాదిగూడ నుంచి వచ్చిన ఒక యువకుడు "అన్నా, మంచిగ కనవడ్తుందా?" అని అడిగాడు. పాపం, మామూలుగానే అడిగాడు.

"కనవడ్తుంది తమ్మీ. పాత రాడ్ ఒకటి ఇచ్చిపో" అన్నాను.

"పాతది దేనికన్నా, కొలతలన్నీ ఫోన్ల ఉన్నయ్ కదా" అని ఫోను చూపించి నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, చెవులు మాత్రం వేడెక్కాయి.