ఒడిబియ్యంలో వచ్చిన ఇత్తడి పక్షి

మా అత్త కంటికి ఆపరేషన్ చేయించి కట్టు విప్పాక, వారం రోజులు మా ఇంట్లో వస్తువులన్నీ అప్పుడే పుట్టినట్టు ఉండేవి. గోడ పగులు చూసి కూడా ముచ్చటపడేది. నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, "నీకూ తల నెరిసిందే పాపా, ఎప్పుడు నెరిసె?" అని అడిగింది. చలికాలం, తిరుపతిలో మా దొడ్లోకి కొండ మీది నుంచి మంచు దిగే రోజులు. ఆ మంచులో పీట వేసుకుని కూర్చుని, గిన్నె, చెంబు, గరిటె ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసేది. ఆమెను చూస్తుంటే నాకే కలలో ఉన్నట్టుండేది.

అట్లా ఒక పొద్దున దేవుడి గూట్లోంచి గరుత్మంతుణ్ణి దించింది.

గరుత్మంతుడంటే మామిడికాయంత ఇత్తడి ముద్ద. పైన పట్టుకోవడానికి వీలుగా ఒక పక్షి. అడుగు చదునుగా, గళ్ళు గళ్ళుగా, గరుకుగా ఉంటుంది. ఊపితే లోపల గలగలమంటుంది. అవి సాలగ్రామాలని ఇంటిల్లిపాదీ నమ్మాం. అత్తను అత్తారింటికి పంపేటప్పుడు వాళ్ళమ్మ ఒడిబియ్యంలో పెట్టి కట్టిందట. ఏమిటని చెప్పలేదు, ఎందుకని చెప్పలేదు. ఏడుపులో మాట పెగల్లేదేమో. ఆ ఏడాది తిరక్కుండానే ఆ తల్లి జ్వరమొచ్చి పోయింది. ఒడిలో వచ్చిన వస్తువు, పైగా పక్షి. కొండ కింద బతికేవాళ్ళం, ఇంకేమనుకుంటాం? గూట్లో పెట్టేశారు. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచి చింతపండుతో తోమి, బొట్లు పెట్టి మొక్కుతూనే ఉన్నాను. కాన్పులప్పుడు నొప్పులు తగ్గాలని పొట్టకు ఆనించుకున్నాను కూడా.

"ఇది గరుత్మంతుడు కాదే," అంది అత్త.

"అట్లనబాక అత్తా, కళ్ళు పోతాయి."

"ఇప్పుడే కదే వచ్చినాయి! ముక్కు సూడు. చిలక ముక్కు."

దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముక్కు తడిమింది. తర్వాత మెల్లగా అంది. "మాయమ్మ గంగమ్మకు అంబలి పోసే మనిషి. గరుత్మంతుణ్ణి యాడ తెస్తాది? ఏం తలుసుకోని నా ఒళ్ళో పెట్టిందో. అది తెలుసుకోకనే పోతానేమో పాపా."

ఆ మాట విన్నాక నాకు నిలవబుద్ధి కాలేదు. తెలిసినవాళ్ళకల్లా దాన్ని చూపించి ఏమిటని అడిగాను. పక్కింటామె, కళ్ళంలో వడ్లరాశి మీద ముద్ర వేసేదంది. గుడిలో అయ్యవారు కళ్ళకద్దుకుని తిరిగిచ్చేశారు. మా ఆయన ఫోనులో ఫొటో తీసి వెతికితే, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టే బరువని వచ్చింది. "మాయమ్మకు సంతకమే రాదు, కాయితాలు యాడివిరా?" అంది అత్త కొడుకుతో.

కాణిపాకంలో పాత ఇత్తడి సామాన్లు అమ్మే ముసలామె ఉందని ఎవరో చెబితే, గుడ్డలో చుట్టుకుని ఇద్దరం బస్సెక్కాం. కిటికీలోంచి ఎండా, మామిడి తోటల నీడా మా ఒళ్ళోంచి పారుతూ పోతున్నాయి. అత్త కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. "మాయమ్మ నా తలకాయ నిమిరితే ఎంటికలు సిక్కుకునేయి పాపా. అంత గరుకు సేతులు," అంది, కళ్ళు తెరవకుండానే.

అంగట్లో ముసలామె మూట విప్పి, దాన్ని ఊపింది, బోర్లించింది, బోసినోటితో నవ్వింది. చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి, మడమకు బరబరా రుద్దుకుంది.

"ఏమ్మే! బుద్ధుండాదా నీకు! దేవుణ్ణి కాలికి రాస్తావా?" అత్త అరుపుకు దర్శనానికి పోతున్నవాళ్ళు ఆగిపోయారు.

"దేవుడేంది తల్లీ! కాళ్ళు రుద్దుకునేది. మా అవ్వ కాడ ఇట్టాంటిదే ఉన్నింది. లోపల గులకరాళ్ళు. ఆడోళ్ళు నీళ్ళు పోసుకుంటాంటే, మగోళ్ళు ఈ సప్పుడు ఇని ఆ పక్కకు రారు."

నాకు నా పొట్ట గుర్తొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అత్త నవ్వలేదు.

"మడమలకా?" అంది.

"మడమలకే. పగుళ్ళకు."

అత్త అంగడి మెట్టు మీద కూర్చుండిపోయింది. "సెనక్కాయ సేలో పెరిగిన కాళ్ళు నావి. పెండ్లిసూపులప్పుడు మాయమ్మ నా పావడా కిందికి లాగి లాగి కప్పింది. ఈ ఇంటికొచ్చినాంక మా అత్త అంటానే ఉన్నింది, దీని మడమ పగుళ్ళలో సెనగిత్తనాలు యిత్తొచ్చునని. నేనేం సేస్తి? గూటి ముందర నిలబడి, నా కాళ్ళు బాగుసెయ్యి సామీ అని దీనికే మొక్కితి."

ముందు అంగడి ముసలామె పగలబడి నవ్వింది. తర్వాత అత్త నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆపరేషనైన కన్ను తడవకూడదని చెప్పారని నేను తుడుస్తూనే ఉన్నాను.

మర్నాడు ఎండ పడ్డాక, గోరువెచ్చని నీళ్ళలో అత్త కాళ్ళు నానబెట్టాను. వద్దు వద్దంటూనే చాపింది. ఇత్తడి చిలకను తడిపి మడమ మీద రుద్దుతుంటే, ఎంత తోమినా పోకుండా గళ్ళలో గట్టిపడిన పసుపూ కుంకుమా కరిగి కారసాగాయి. పాదాల అంచులు ఎర్రబడ్డాయి, పెళ్ళికూతురికి పారాణి పెట్టినట్టు. మామ పోయినప్పటి నుంచి ఆ కాళ్ళకు పసుపు తగిలింది లేదు. నా చెయ్యి ఆగిపోయింది.

"కడిగేయనా అత్తా?"

పాదాలు పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఉండనీలే పాపా. ఎవురు సూస్తారు? ఎండలో ఆరనీ."