మూడు రోజుల చాటు

నెలసరి ఆగిపోయిన నాలుగేళ్లకు ఒకరోజు పొద్దున బాత్రూంలో ఎర్రగా కనిపించింది. మళ్లీ నెలసరి వచ్చిందంతేనని వెంటనే నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా కిరాణా కొట్లోంచే ఒక ప్యాడ్ల ప్యాకెట్ తెచ్చుకుని, పూజగదిలో దీపం పెట్టమని మా ఆయనకు చెప్పాను. మా ఇంట్లో ఆ మూడు రోజులూ ఆడవాళ్లు ఆ గడప తొక్కరు.

అత్తమ్మ మాత్రం వింతగా చూసింది.

"గీ ఈడుల మళ్ల ఏందే?"

"కొందరికి వస్తదట అత్తమ్మా" అన్నాను. ఎవరికి వస్తుందో, ఎవరు చెప్పారో నాకే తెలియదు.

రెండు నెలలకు మళ్లీ కనిపించింది. ఆ తర్వాత ఇంకోసారి. ఆ మూడోసారి గమనించాను. రోజంతా పెట్టుకున్న ప్యాడ్ మీద మరక లేదు. మూత్రానికి వెళ్లినప్పుడే ఎరుపు. అంటే ఇది నెలసరి కాదు. నేనేం చదువురానిదాన్ని కాదు, జనగామలో డిగ్రీ చదివాను, కాబట్టి ఆ రోజే నాకు అంతా అర్థమైంది. అయినా మర్నాడు కూడా పూజగది బయటే కూర్చున్నాను.

ఎందుకంటే భయం. మహబూబాబాద్‌లో మా అక్కకు కడుపులో గడ్డ ఉందన్నారు. ఆ మాట విన్న ఆరు నెలలకే పోయింది. ఆ మాట నా ఇంట్లోకి రాకూడదనుకున్నాను. మూడు రోజుల చాటు నాకు బాగా పనికొచ్చింది. ఆ రోజుల్లో ఆడదాన్ని ఎవరూ ఏమీ అడగరు. నీరసంగా ఉన్నా, గోడవైపు తిరిగి పడుకున్నా, బాత్రూంలో ఎంతసేపున్నా అన్నిటికీ ఒకటే జవాబు. అలా ఏడాది నెట్టుకొచ్చాను. తెలివిగలదాన్నేనని లోలోపల నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఒక మధ్యాహ్నం కొట్లో కూర్చుని ఉండగా మూత్రం రావడమే ఆగిపోయింది. మూడుసార్లు వెళ్లొచ్చాను, చుక్క రాలేదు. పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది. చెమటలు పట్టి బియ్యం బస్తాల మీదికి ఒరిగిపోయాను. జనగామ దవాఖానలో గొట్టం వేస్తే గడ్డకట్టిన నెత్తురు వచ్చింది. మా ఆయన ముఖం పాలిపోయింది.

"ఎన్ని దినాల సంది అయితాందే?"

"వారమైతాంది" అన్నాను.

లోపలంతా కడిగి, గొట్టం తీసేసి, హన్మకొండలో యూరాలజిస్టుకు చూపించమన్నారు. మర్నాడే వెళ్లాం. అక్కడ హాలు నిండా మగవాళ్లే. నర్సు వచ్చి, మూత్రం పట్టే డబ్బా తిన్నగా మా ఆయన చేతికిచ్చింది. "నాకు గాదమ్మా, ఈమెకు" అని ఆయన గట్టిగా అనేసరికి హాలంతా నావైపు తిరిగింది. సిగ్గుపడాల్సిందే గానీ, నాకంత తీరిక లేదు. డబ్బా అందుకుని బాత్రూం వైపు నడిచాను.

డాక్టరుకు మా అబ్బాయి వయసుంటుంది. "మొదట ఎప్పుడు చూశారమ్మా?" అని అడిగాడు. "వారమైతాంది సార్" అని మా ఆయనే చెప్పాడు.

మూత్రసంచి లోపల చూసే పరీక్షకు నన్నొక్కదాన్నే తీసుకెళ్లి బల్ల మీద పడుకోబెట్టారు. నర్సు మోకాళ్ల మీద దుప్పటి కప్పింది. సన్నటి గొట్టం లోపలికి వెళ్తుంటే మంట కన్నా భయమే ఎక్కువైంది. పక్కనే తెర మీద గోడలాంటిది, దాన్ని అంటిపెట్టుకుని గోబీపువ్వు ముక్కలాంటిది కదులుతోంది. నన్ను చూడమని ఎవరూ అనలేదు. నేనే చూశాను.

"సార్, వారం గాదు. ఏడాదైతాంది."

డాక్టరు చెయ్యి ఆగింది. "ఇంట్లో చెప్పలేదా?"

"ముట్టు అని చెప్పిన సార్."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "లోపల గడ్డ ఉందమ్మా. తీసి పరీక్షకు పంపుదాం. ఎంత లోతుకు పోయిందో అప్పుడు తెలుస్తుంది. మొదట్లోనే వచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు. గడ్డ అన్న తర్వాత మాటలన్నీ పక్కగదిలోంచి వినిపించినట్టున్నాయి. మా అక్క ముఖమే కళ్లముందు ఉంది.

బయటికొచ్చి మా ఆయనకు చెప్పాను. గడ్డ సంగతీ, ఏడాది సంగతీ.

"గట్లయితే, నువ్వు బయటున్న దినాలన్ని గిదేనా?"

తలూపాను. కోప్పడతాడనుకుని జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఒక్క ఇంట్లనే ఉంటిమి. పానం ఎట్లున్నదని ఒక్కపారి గూడ అడుగకపోతి. నీకేం తెలుసు పాపం, ముట్టే అనుకుంటివి. తప్పు నాదేనే" అన్నాడు. కళ్లనిండా నీళ్లు.

పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. పది రోజులకు ఆపరేషన్ అయింది. రిపోర్టు ఇంకా రాలేదు. అది ముట్టు కాదని నాకు మూడోసారికే తెలుసన్న మాట ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.