నల్ల పావుల బావగారు

మా వియ్యంకుడు పోయారని మిర్యాలగూడలో ఉండే తెలిసినాయన ఫోన్ చేసి చెప్పాడు. ఆ ఇంటి నుంచి నాకు కబురు రాదు. మా అమ్మాయికీ వాళ్లబ్బాయికీ విడాకులయ్యాక నేను వాళ్లకేమీ కాను. అంతకు ముందురోజే ఫోన్‌లో వియ్యంకుడితో ఆడే చదరంగంలో నేను గెలిచినట్టు చూపించింది. అవతలివాళ్లు గడువులోగా ఎత్తు వేయలేదట. బావగారు అలిగారనుకుని నవ్వుకున్నాను కూడా.

మా ఆట మొదలైంది సూర్యాపేట కోర్టు ఆవరణలో. నేను కోదాడ నుంచి, ఆయన మిర్యాలగూడ నుంచి వచ్చేవాళ్లం. పిల్లలిద్దరూ చెరో వకీలు పక్కన మొహాలు తిప్పుకుని నిలబడితే, మేం ఏం మాట్లాడాలో తెలియక ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఒక వాయిదాకు ఆయన సంచిలోంచి మడత బోర్డు తీసి, తెల్ల పావులు నావైపు తిప్పారు.

"పెండ్లిల మా మాటనే ముందు నడిచింది. గీడన్న మీరు ముందు నడువుండ్రి బావగారు," అన్నారు. ఆ కోర్టులో నన్ను చుట్టంగా చూసింది ఆయనొక్కరే. ఆ మేలు మరిచిపోలేను.

అప్పటినుంచీ ఆయనవి నల్లవే. ఎప్పుడూ ఒకటే ఆరంభం, స్కాండినేవియన్. నేను రాజు ముందు బంటును తోస్తే, ఆయన వజీర్ ముందు బంటును ఎదురు తోసేవారు. నేను దాన్ని కొడితే, వజీర్‌తోనే నా బంటును కొట్టేవారు. అంత పెద్ద పావు అప్పుడే నడిబోర్డులోకి వచ్చి నిలబడితే నా చెయ్యి ఊరుకుంటుందా? గుర్రంతో తరిమేవాణ్ని. వజీర్ బోర్డు అంచుకు పోయేది. ఇక ఒంటెలు విప్పి, రెండో గుర్రాన్ని దూకించి, పావులు బలిచ్చైనా సరే ఆయన రాజు మీద పడేవాణ్ని.

"వజీర్‌ని ఇంత తొందరగా బయటికి తెస్తారేంటండీ?" అని కసిరేవాణ్ని.

"ఇంట్ల కూసోబెడ్తె ఏమొస్తది? మీరు తరుముండ్రి, అది తిరుగుతది. అందాక ఆట నడుస్తది గద," అనేవారు. ఎక్కువగా ఓడిపోయేది ఆయనే.

ఆట నడిచినన్నాళ్లూ ఆ కాపురం అతుకుతుందని నాకో పిచ్చి ఆశ. ఆయనకూ ఉండేదేమో, వాయిదా పడ్డప్పుడల్లా మొహం విప్పారేది. అతకలేదు. తీర్పు వచ్చిన రోజు బోర్డు మడుస్తూ, "పిల్లలది ఖతం అయింది. మనం ఫోన్ల ఆడుదాం," అన్నారు. రెండిళ్లలోనూ ఎవరికీ చెప్పకుండా ఆడుకున్నాం.

కర్మనాడు వియ్యంకుడి వరసలో నేను బట్టలు పెట్టాలి. పంచె, కండువా కొనుక్కుని మిర్యాలగూడ వెళ్లాను. టెంటు దగ్గర ఒక పెద్దాయన, "యాడికెళ్లి వచ్చిండ్రు? ఆయన మీకేమైతడు?" అని అడిగాడు. అంతలో ఒకప్పటి మా అల్లుడు నన్ను చూసి దగ్గరికొచ్చాడు. మామయ్యా అనలేదు.

"సార్, మీరు బట్టలు పెడితే అమ్మ పరేషాన్ అయితది. ఏమనుకోకుండ్రి."

అతని తప్పేముంది? ఫోటోకు దూరం నుంచే దండం పెట్టుకుని బస్సెక్కాను.

సీట్లో కూర్చుని ఫోన్ తెరిచాను. ఒళ్లో సంచిలోంచి కొత్త పంచె గంజి వాసన వస్తోంది. ఫోన్‌లో చివరి ఆట ఆగినచోటే ఉంది. నా గుర్రాలూ ఒంటెలూ ఆయన రాజును చుట్టుముట్టి ఉన్నాయి. నల్ల వజీర్ ఒక్కటే ఇంటికి దూరంగా, బోర్డు అంచున నిలబడి ఉంది. ఎత్తు ఆయనదే.