కడిగిన ఇసుక

మా ఆయన పోయాక పెద్దకర్మ నాడు ఆయన మంచం, పరుపు, పంచెలు అన్నీ చాకలికి ఇచ్చేశారు. మా వైపు ఆచారం అంతే. నేను ఒక్క తువ్వాలు మాత్రం దాచుకున్నాను. పొలంలో తలకు చుట్టుకునేది. ఉతకకుండా మడిచి, లోపలి గదిలో చెక్కపెట్టె మీద పెట్టాను. అందులో ఆయన చెమట, చుట్ట పొగ, తలనూనె అన్నీ ఉండేవి. పని మధ్యలో లోపలికి వెళ్ళి, ఒకసారి ముఖానికి ఆనించుకుని వచ్చేదాన్ని. ఎవరికీ చెప్పలేదు.

కూతురు దినాలు అయ్యేదాకా ఉండి తాడేపల్లి వెళ్ళిపోయింది. ఇంట్లో మిగిలింది నేనూ, పిల్లీ.

అది ఆయన పిల్లి. చిన్నప్పుడు కుక్కలు కరిచి వెనక కాలు ఒకటి పనికిరాకుండా పోయింది. బయట తిరిగితే మళ్ళీ పట్టుకుంటాయని ఆయన వెనక వసారాలో పాత ప్లాస్టిక్ టబ్బులో ఇసుక పోసి, దాని అవసరాలన్నీ అందులోనే తీర్చుకునేలా అలవాటు చేశారు. పక్కింట్లో ఉండే మా తోటికోడలు అది చూసి పడీపడీ నవ్వింది. "మాకు దొడ్డి కట్టించడానికి అన్నదమ్ములిద్దరికీ ఇన్నేళ్ళు పట్టింది, పిల్లికి మాత్రం పూటలో కట్టించారే బావగారూ!" అంది. ఆయన టబ్బులో ఇసుక చదును చేస్తూనే ఉన్నారు. నన్ను పిలిచినా, పిల్లిని పిలిచినా ఆయనది ఒకటే పిలుపు, "ఏమే" అని. ఇద్దరం తలెత్తి చూసేవాళ్ళం.

ఆయన పోయాక కొన్నాళ్ళకే పిల్లి టబ్బులోకి దిగడం మానేసింది. ముందు గదిలో, ధర రావాలని ఆపిన పత్తి గుట్టగా పోసి ఉంది. అందులో సగం మా మరిదిది. పిల్లి పోయి ఆ పత్తిలో ఉచ్చ పోసింది. తడిసినంత మేర తీసి పారేశాను. మర్నాడు ఇంకో చోట పోసింది.

తోటికోడలు గుమ్మంలో నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందక్కా ఈ కంపు? కొనేవాడికి ముక్కు లేదనుకున్నావా? ఆదివారం లారీ వస్తది. పత్తితో పాటు దీన్నీ ఎక్కిస్తా. మిల్లు దగ్గర వదిలేసి రమ్మని మీ మరిదికి చెప్పా."

"కుంటిదే. అక్కడ ఎట్టా బతుకుద్ది?"

"బతికితే బతుకుద్ది, లేకపోతే లేదు. మనుషులే పోతన్నారు."

ఆ మాట అన్నాక తనే తల దించుకుంది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. వాళ్ళ ఏడాది కష్టం ఆ గదిలో ఉంది, తననేమని అనను?

ఆ సాయంత్రం లోపలి గదిలోకి వెళ్ళి తువ్వాలు తీసుకుంటే చేతికి తడి తగిలింది.

ముందు ఉత్త నీళ్ళలో జాడించాను, ఆయన వాసన కొంచెమైనా మిగులుతుందేమోనని. కంపు ఇంకా ఎక్కువైంది. ఇక తప్పక సబ్బు పెట్టాను. ఎండలో ఆరేసి తెచ్చుకుని ముఖానికి ఆనించుకుంటే సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. "నీకు ఇంకో చోటే దొరకలేదటే" అని పిల్లిని చూసి ఏడ్చాను. అది నా మంచం కింద కూర్చుని పాదాలు నాక్కుంటూ ఉంది.

అంత కోపంలోనూ దాన్ని లారీ ఎక్కించడానికి నాకు మనసు ఒప్పలేదు. తెల్లారాక గంపలో కూర్చోబెట్టి, పైన గుడ్డ కట్టి, గుంటూరు బస్సెక్కాను. బ్రాడీపేటలో ఆటో దిగి జంతువుల ఆసుపత్రి బోర్డు నేనే కూడబలుక్కుని చదివాను. అక్షరాలు నాకు ఈమధ్యనే, సెలవులకు వచ్చే మనవరాలి పక్కన కూర్చుంటే వచ్చాయి. చదివేశానని ఆయనతో చెప్పబోయి పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. పిల్లి పొట్ట నొక్కి చూసింది, పరీక్ష చేసింది.

"జబ్బేం కనపడటం లేదమ్మా. మనసు బాగోకపోయినా ఇలా చేస్తాయి, వెళ్ళే చోటు నచ్చకపోయినా చేస్తాయి. ఇంట్లో ఏమన్నా మారిందా?"

"మా ఆయన పోయారు."

ఆ అమ్మాయి పిల్లి తల నిమిరింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఇంకేమన్నా? టబ్బుగానీ, ఇసుకగానీ?"

"అదే టబ్బు. ఆయన తెచ్చే ఇసుక గుట్టలోంచే నేనూ తెచ్చి పోస్తున్నానమ్మా."

"పాదాలు చూడండి, ఎలా ఎర్రబడ్డాయో. దీనికి ఏదో మండుతోంది."

ఇసుకలో మండేదేముంటుంది? దారంతా అదే ఆలోచన. ఇంటికొచ్చి టబ్బు బోర్లించి, గుట్ట దగ్గర కొత్త ఇసుక చేత్తో ఎత్తి పోశాను. పిల్లి వచ్చి ఒక కాలు పెట్టి, విదిలించుకుని, వెనక్కి తీసుకుంది. అది చూస్తే నాకు ఏడుపొచ్చింది. అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. నా కేకలకు తోటికోడలు చెంబుతో పరిగెత్తుకొచ్చి ముఖాన నీళ్ళు కొట్టింది.

"కారమే" అన్నాను. "ఇసుకలో కారం ఉందే!"

"ఉండదా మరి? కళ్ళం పక్కన గుట్ట. ఏటా మిరపకాయలు ఆరబోసేది దాని పక్కనేగా, దుమ్మంతా అందులోకే. అందుకేగా బావగారు కడిగేవారు."

"ఏం కడిగేవారు?"

"ఇసుక! బోరు దగ్గర కూర్చుని, బియ్యం కడిగినట్టు. కడిగి గోతం మీద ఆరబోసేవారు. నువ్వు ఆ వేళకి పొయ్యి దగ్గర ఉండేదానివి. నీకు తెలవదా?"

"చెప్పలేదే నాకు."

"చెప్తారా? 'మీ అక్కతో అనబాకమ్మా, పిల్లికి లాల పోస్తన్నానని ఎగతాళి చేస్తది' అన్నారు."

అని నవ్వబోయింది. నవ్వు రాక నా పక్కనే చతికిలబడింది.

పదేళ్ళప్పటి నుంచి మిరపకాయల తొడిమలు తీసిన చేతులు నావి. వీటికి మంట తెలియక ఎన్నేళ్ళయిందో. ఆయన చేతులూ అలాంటివే. మరి ఇసుక మండుతుందని ఆయనకెలా తెలిసిందో! పిల్లి కాలు విదిలించుకోవడం చూసి ఉంటారు. నేనూ చూశాను, కానీ పొగరనుకున్నాను.

బేసినులో ఇసుక పోసి కడిగాను. మొదటి నీళ్ళు ఎర్రగా వచ్చాయి, మిరప గింజలు పైకి తేలాయి. ఎన్ని నీళ్ళు మార్చేవారో తోటికోడలిని అడిగాను. తనకూ తెలియదు. నీళ్ళు తేటపడేదాకా మారుస్తూ పోయాను. ఎండలో ఆరబెట్టి టబ్బులో పోశాక పిల్లి వచ్చి, అంచు దగ్గర చాలాసేపు వాసన చూసి లోపలికి దిగింది.

ఆదివారం లారీ పత్తిని మాత్రమే తీసుకుపోయింది. తోటికోడలు పిల్లి ఊసెత్తలేదు.

ఇప్పుడు ఇసుక కడగడం నా పని. కడుగుతున్నంతసేపూ ఆయన నాకు చెప్పకుండా ఇంకా ఏమేం చేసేవారో అనిపిస్తుంది. అడగడానికి ఎవరున్నారు?

తువ్వాలు మళ్ళీ మడిచి పెట్టె మీదే పెట్టాను. మొన్న పిల్లి కష్టపడి ఆ పెట్టె ఎక్కింది. తోలుదామని చెయ్యి ఎత్తి ఆగాను. అది తువ్వాలును అటూ ఇటూ వాసన చూసింది. మడతలోకి మూతి దూర్చి మళ్ళీ చూసింది. తర్వాత దిగి వెళ్ళిపోయింది.